వంటయింటి బల్లపై బుట్టిన పరిశ్రమ

మధ్యాహ్న భోజనములు ముగిసి, వంటయిల్లు సర్దుకొనిన పిమ్మట గృహిణికి గడియసేపు తీరిక చిక్కును. ఆ గడియలో మనలో కొందరు పుస్తకము తెఱతురు. కొందరు కుట్టుపని చేపట్టుదురు. కొందరు పిల్లలను జేరదీసి కథ చెప్పుదురు. ఈ పనులకు జీతము లేదు, లెక్క లేదు. అప్పు డెవరైన వచ్చి “ఏమి చేయుచున్నారు?” అని యడిగినచో, “ఏమియు లేదు, ఊరక కూర్చున్నాము” అని మనమే బదులు చెప్పుదుము. ఈ నెల మేము మీకు విన్నవింపబూనిన వృత్తాంతము అట్టి “ఏమియు లేని” వేళయందు, అమెరికా దేశమున, ఒక వంటయింటి బల్లమీద, ఒక యిల్లాలి చేత నారంభమైనది.

ఈ విషయమును మాకు దోపింపజేసినది మన పాఠకురాలు వ్రాసిన యొక జాబు. తమ పిల్లలు సెలవు దినములందు పగలెల్ల ఫోను చేతబట్టి యాటలాడుచున్నారనియు, పిలిచినను పలుకకున్నారనియు చెప్పి, ఆ సోదరి చివర నిట్లు ప్రశ్నించిరి: “ఈ యాటలను జేయువా రెవరు? వారి కిండ్లు వాకిళ్లు లేవా? బిడ్డలు లేరా?” ఈ ప్రశ్న మాకు మొదట నవ్వు పుట్టించినను, పిదప నాలోచింపజేసినది. ఇండ్లును గలవు, బిడ్డలును గలరు. ఇంటి కంప్యూటరు తెరపై బొమ్మలతో కథ నడపు నాటలలో మొదటిదని చరిత్ర వ్రాసినవారు చెప్పునట్టి యాటను గల్పించినయామె యిద్దరు పసిబిడ్డల తల్లి. ఆమె పేరు రాబర్టా విలియమ్స్. ఆమెయు ఆమె భర్త కెన్ విలియమ్సును గలిసి స్థాపించిన చిన్న సంస్థ యెట్లు పుట్టినదో, యెట్లు పెరిగినదో, తుద కెట్లు చేజారినదో తెలిసికొనుట, ఇంటిలో గూర్చుండి యేదో యొక పని చేయు ప్రతి స్త్రీకిని ఉపయోగకరమని మా నమ్మకము.

ముందుగా ఈ యాట యెట్టిదో చెప్పవలెను. మన యవ్వలు రాత్రివేళ కథ చెప్పుచు నడుమ నాపి, “రాకుమారుడు మూడు దారుల కూడలికి వచ్చినాడు, ఇప్పు డే దారిని పోవలెను?” అని యడుగుట కలదు. పిల్ల చెప్పిన బదులునుబట్టి కథ మలుపు దిరుగును. కంప్యూటరు ఆ యవ్వ స్థానమున గూర్చుండి యట్లే యడుగును. “నీ యెదుట నొక తలుపు గలదు” అని తెరమీద నింగ్లీషున వ్రాయును. ఆడువారు మీటలు నొక్కి “తలుపు తెఱువుము” అని బదులు వ్రాయుదురు. తలుపు తెఱచుకొనును, లేదా తాళము వేసియున్నదని సమాధానము వచ్చును. అప్పుడు తాళపుచెవి యెక్కడ నున్నదో వెదకవలెను. ఇట్లు చదువుట, ఆలోచించుట, బదులు చెప్పుట యను మూడింటితో నాట నడచును. పొడుపుకథ విప్పు నలవాటు గలవారి కిందు క్రొత్త యేమియు లేదు.

ఇట్టి యాటలకు మూలమైనది విల్ క్రౌథర్ అను కంప్యూటరు నిపుణుడు 1976 ప్రాంతమున వ్రాసిన గుహాన్వేషణ కథ. ఆయనయు ఆయన భార్య పాట్రీషియాయు కెంటకీ రాష్ట్రమునందలి గొప్ప గుహలను బరిశోధించినవారు. 1972వ సంవత్సరమున ఫ్లింట్ రిడ్జ్ గుహలకును మామత్ గుహకును నడుమ నున్న మార్గమును గనుగొనిన బృందమున పాట్రీషియాయు నొకరు. దంపతులు విడిపోయిన తరువాత క్రౌథర్ తన యిద్దరు కుమార్తెల వినోదమునకై ఆ గుహల స్వరూపమునే కథగా మార్చెను. 1977లో డాన్ వుడ్స్ అనునతడు దానిని విస్తరించెను. దూరమైన బిడ్డలను దగ్గర చేసికొనవలెనని యొక తండ్రి చేసిన యాట తంతులవెంట పయనించి, ముక్కు మొగ మెఱుగని వేలమంది యిండ్లకు జేరినది.

అట్లు చేరిన యిండ్లలో కాలిఫోర్నియా రాష్ట్రమున విలియమ్స్ దంపతుల యిల్లొకటి. రాబర్టా 1953లో జన్మించెను. పందొమ్మిదేండ్ల వయసున వివాహమాడెను. భర్త కంప్యూటరులకు ప్రోగ్రాములు వ్రాయు వృత్తియం దుండెను. 1979లో నాతడు పనికొఱకై యింటికి దెచ్చిన టెలిటైపు యంత్రము టెలిఫోను తీగద్వారా దూరమున నున్న పెద్ద కంప్యూటరుతో మాటలాడగలిగినది. అందు ఈ గుహాకథ యున్నదని గని యాతడు భార్యను బిలిచి చూపెను. అతనికి గలిగిన యాసక్తి స్వల్పము. ఆమెకు గలిగినది వ్యసన మనవచ్చును. బిడ్డల పోషణ జూచుకొనుచునే, వారముల తరబడి యా గుహలలో దిరిగి కడపటి చిక్కుముడి విప్పువఱకు ఆమెకు మనశ్శాంతి లేకపోయెను. విప్పిన పిమ్మట నింకొక యాట కావలెనని వెదకగా, మెచ్చదగినవి మిక్కిలి కొలదిగా నుండెను. అప్పు డామెకు “లేనిచో నేనే యెందులకు వ్రాయరాదు?” అను తలంపు పుట్టినది.

సోదరీమణులారా, ఈ తలంపు వద్ద మన మొక్క నిమిషము నిలువవలెను. ప్రోగ్రాము వ్రాయు విద్య ఆమె వృత్తి గాదు. ఆమెకు దెలిసినది కథలు చదువుట, కథలు కల్పించుట. అగాథా క్రిస్టీ వ్రాసిన యపరాధపరిశోధక నవల యొకటి ఆమె మనసున నుండెను. పాడుబడిన యొక పెద్ద భవనము, అందు చిక్కుకొనిన యేడుగురు, ఒక్కరొక్కరుగా మరణించుచుండుట, దాచిన నగలు, హంతకు డెవరో కనిపెట్టవలసిన బాధ్యత. ఇదియే యామె పన్నిన కథ. వంటయింటి బల్లమీద కాగితములు పఱచి, ఏ గదినుండి యే గదికి దారియో, ఏ వస్తు వెక్కడ దొరకునో, ఎవరేమి చేసిన నేమి జరుగునో గీతలు గీసికొనుచు సుమారు మూడు వారములలో ముగించెను.

భర్త యప్పుడు వేఱొక పనిలో మునిగియుండెను. యాపిల్ కంప్యూటరుకు ఫోర్ట్రాన్ అను శాస్త్రీయ గణితభాష నమర్చి యమ్మవలెనని యాతని సంకల్పము. “ఆన్‌లైన్ సిస్టమ్స్” అను పేరుతో సంస్థ నేర్పఱచుకొనినదియు నందులకే. ఆటలు పిల్లచేష్టలని యాత డనుకొనుట సహజమే. ఇంటిలో చెప్పిన వినడని తలంచి, రాబర్టా యొక రాత్రి యతనిని భోజనశాలకు దోడ్కొనిపోయి కథ యంతయు వినిపించెను. వినగా వినగా నాతనికి నుత్సాహము గలిగినది. మాటలతో నడచు నాటలు బజారున నదివఱకే యున్నవి; యాపిల్ యంత్రము బొమ్మలను గూడ జూపగలదు గదా, కథకు బొమ్మలు చేర్చిన నేమి యను నాలోచన యచ్చట బుట్టినది. ఫోర్ట్రాన్ మూలబడినది; ఇల్లాలి కథ ముందుకు వచ్చినది.

బొమ్మలు చేర్చుట మాటలు చెప్పినంత సులభము గాదు. నాటి ఫ్లాపీ యొక్కింటియందు లక్షన్నర యక్షరములకు మించి పట్టెడివి కావు. తెరనిండు బొమ్మ నొకదానిని ఉన్నదున్నట్లు దాచినచో సుమారు ఎనిమిదివేల యక్షరముల చోటు గావలెను. రాబర్టా గీసిన బొమ్మలు డెబ్బది. లెక్క వేసికొనుడు: అయిదున్నర లక్షలు దాటును. ఒక్క ఫ్లాపీలో నెట్లు పట్టును? ఈ చిక్కును విప్పిన యుపాయము మన స్త్రీలకు జిన్ననాటినుండి తెలిసినదే. సంక్రాంతి ముగ్గును మన మెక్కడ దాచుకొందుము? ముగ్గుపరచిన నేలను మోసికొని పోము. వరుసకు చుక్క లెన్నియో, ఏ చుక్కనుండి యే చుక్కకు గీత లాగవలెనో జ్ఞాపకముంచుకొందుము. కావలసినప్పుడు మరల వేయుదుము. కెన్ విలియమ్స్ చేసినదియు నదియే. బొమ్మను దాచుట మాని, గీతల మొదలు తుదలను మాత్రము అంకెలుగా దాచెను. ఆడువారు గదిలో నడుగిడగానే యంత్రము ఆ యంకెలను జూచి బొమ్మను అప్పటి కప్పుడు గీయును. డెబ్బది బొమ్మలును ఒక్క ఫ్లాపీలో నిమిడినవి.

ఆ బొమ్మలు నేటి పిల్లలు చూచినచో నవ్వుదురు. తెల్లని గీతలు, పుల్లలవంటి మనుష్యులు. పలకపై బాలుడు గీసిన యిల్లు. ఐనను కంప్యూటరు కథకు కన్నులు వచ్చినది దానితోనే. “మిస్టరీ హౌస్” అను పేరిట 1980 మే నెలలో నా యాట వెలువడినది. వెల 24 డాలర్ల 95 సెంట్లు. అట్టపెట్టెలు చేయించుటకు ధనము లేదు. వంటయింటిలో తినుబండారములు దాచు ప్లాస్టిక్ సంచిలో ఫ్లాపీ నొకదానిని, మడచిన కాగితము నొకదానిని ఉంచి బిగించి యంపిరి. పత్రికలో నొక ప్రకటన యిచ్చి యింటి టెలిఫోను సంఖ్యను ముద్రించిరి. చిక్కుముడి విడక తొందరపడువారును ఆ యింటికే టెలిఫోను చేయుదురు. మే నెలలో పదునొకండు వేల డాలర్లు, జూన్‌లో నిరువదివేలు, జూలైలో ముప్పదివేలు వసూలైనట్లు ఆ కాలపు చరిత్ర వ్రాసినవారు తెలిపియున్నారు. మొత్తముమీద పదివేల ప్రతులకు పైగా నమ్ముడుపోయినవి.

అదే సంవత్సరమున దంపతులు పట్టణవాసము విడిచి, యోసెమిటీ వనమునకు బోవు దారిలో, సియెర్రా నెవాడా పర్వతముల యడుగున నున్న ప్రాంతమునకు గాపురము మార్చిరి. ఓక్‌హర్స్ట్ అను చిన్న యూరిలో కార్యాలయము వెలసినది. రంగుల బొమ్మలతో రెండవ కథ వచ్చినది. 1982లో సంస్థకు ఆ పర్వతముల పేరే పెట్టి “సియెర్రా ఆన్‌లైన్” అనిరి. కొండయూరి జనమునకు క్రొత్త జీవనోపాధి గలిగినది. ఫ్లాపీలు నకలు తీయుట, సంచులలో నమర్చుట, టెలిఫోనులకు బదులు చెప్పుట మున్నగు పనులయందు స్థానికులు చేరిరి. రాబర్టా 1982లో “టైమ్ జోన్” అను పెద్ద కథను వెలువరించెను. ఆఱు ఫ్లాపీలు, రెండేసి ప్రక్కలును నిండినవి. వేయికి పైగా బొమ్మలు. వెల దాదాపు నూఱు డాలర్లు. అంత వెల పెట్టి కొనువారు తక్కువగుటచే నది యాశించిన లాభము నీయలేదు. పెద్దదెల్ల మంచిది కాదని సంస్థకు దగిలిన మొదటి పాఠమిది.

రెండవ పాఠము మరింత కఠినమైనది. పచ్చళ్లు పెట్టి యమ్ము సోదరీమణుల కిది వెంటనే బోధపడును. కావలెనని యడిగినవారికి అడిగినన్ని జాడీలు పెట్టి యిచ్చుట యొక పద్ధతి. వేయి జాడీలు ముందే కొని, అప్పుచేసి సరకు దెచ్చి, పచ్చడి నింపి, కొనువారికై వేచియుండుట మరియొక పద్ధతి. ఫ్లాపీ మొదటి పద్ధతికి జెందినది. అడిగినప్పుడు నకలు తీసి యీయవచ్చును. టెలివిజనుకు దగిలించు నాటపెట్టెలకు గావలసిన క్యార్ట్రిడ్జి రెండవ పద్ధతికి జెందినది. ప్రతి దానిలోను ఖరీదైన చిప్పు లుండుటచే ముందుగా వేలకొలది చేయించి నిలువచేయవలెను. ఇతరుల పెట్టుబడి పుచ్చుకొని సియెర్రా ఆ వ్యాపారమున దిగినది. 1983లో అమెరికా వీడియో ఆటల బజారు కుప్పగూలెను. సరకు మూలుగసాగినది. పనివారిలో పెక్కుమందిని పంపివేయవలసి వచ్చినది. సంస్థ మునుగునో తేలునో తెలియని దశ యేర్పడెను.

తేల్చినది మరల కథయే. ఐ.బి.యం. సంస్థ తాము గృహముల కుద్దేశించి చేయుచున్న “పి.సి. జూనియర్” అను యంత్రముయొక్క గొప్ప దెలుపునట్టి యాట నొకదానిని చేసి యిమ్మని సియెర్రాను గోరినది. అందులకు రాబర్టా రచించినది “కింగ్స్ క్వెస్ట్”. డావెంట్రీ యను కల్పిత రాజ్యమున పోయిన మూడు మాయావస్తువులను వెదకి తెచ్చు వీరుని కథ. తాను చిన్ననాట జదివిన రాక్షసుల కథలు, గంధర్వకన్యల కథలు నందు గూర్చెను. 1984లో వెలువడిన యీ యాటలో నొక క్రొత్తదనము గలదు. అంతకు ముందు కథలలో బొమ్మలు కదలక నిలిచియుండెడివి. ఇందు వీరుడు మీట నొక్కగానే నడచును. చెట్టువెనుకకు బోయిన మఱుగగును. ముందునకు వచ్చిన గనబడును. ఐ.బి.యం. వారి యా యంత్రము జనాదరణ లేక 1985లోనే నిలిచిపోయినది. కాని దానిని బోలిన టాండీ 1000 మొదలగు యంత్రములు విరివిగా నమ్ముడుపోవుటచే, కథ మాత్రము బ్రదికి, సంస్థను బ్రదికించినది.

ఈ వరుసలో నాలుగవ కథను గూర్చి మన పత్రికలో ప్రత్యేకముగా జెప్పవలెను. మూడవ కథలో రోజెల్లా యను రాకుమార్తె మూడు తలల ఘోరసర్పమున కాహుతి కానుండగా నామె కవల సోదరుడు రక్షించును. 1988లో వచ్చిన నాలుగవ కథలో నా రోజెల్లాయే నాయకురాలు. మరణశయ్యపై నున్న తండ్రికి బ్రాణము పోయగల ఫలమును దేవలెనని యొంటరిగా బయలుదేఱును. ఆడువారు మగపిల్లలైనను సరే, ఆమె పాదములతోనే నడువవలెను, ఆమె బుద్ధితోనే యాలోచింపవలెను. 1989లో లారా బో యను విద్యార్థిని నాయకురాలుగా రాబర్టా మరియొక యపరాధపరిశోధక కథను రచించెను. అంతకు ముందే, 1987లో, ఇంకను చదువురాని పసివారికై జోలపాటల పాత్రలతో నొక యాటయు గూర్చెను. ఒక స్త్రీ తెఱచిన తలుపున మరికొందఱు స్త్రీలు ప్రవేశించిరి. 1989లో లోరీ యాన్ కోల్ తన భర్తతో గూడియు, 1990లో క్రిస్టీ మార్క్సును, 1993లో జేన్ జెన్సెనును ఆ సంస్థనుండి తమ తమ కథలను వెలువరించిరి. పురుషులే యధికముగా నున్న పరిశ్రమలో నిది సామాన్య విషయము గాదు. రాబర్టా పేరు పెట్టెలమీద స్ఫుటముగా ముద్రింపబడెడిది. చేసినవారి పేరు చేసిన వస్తువుపై నుండుట న్యాయమని వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఆ యాటలలో దోషములు లేవని మేము చెప్పము. కొన్ని చిక్కుముడులు అన్యాయముగా గఠినమైనవి. మొదటి “కింగ్స్ క్వెస్ట్”లో నొక మరుగుజ్జు తన పేరు చెప్పుమనును. పేరు తెలిసినను, దానిని వెనుకనుండి వ్రాసినను జాలదు. అక్షరమాలనే తలక్రిందులుగా నుంచి మొదటి యక్షరమునకు బదులు చివరి యక్షరమును వ్రాయవలెను. ఎందఱు విసిగి మానుకొనిరో! మరియు 1995లో నటీనటులను బెట్టి చిత్రించి యేడు సీడీలలో వెలువరించిన “ఫాంటాస్మగోరియా” అను భయానక కథ పెద్దలు సయితము జంకు దృశ్యములు గలది. ఆస్ట్రేలియాలో దానిని నిషేధించిరి. కథకురాలు తల్లియైనంతమాత్రమున నామె చేసిన ప్రతి కథయు బిడ్డల చేతికీయదగినది కాదు. ఆట పెట్టెపై నేమి వ్రాసియున్నదో చూచి యిచ్చుట తలిదండ్రుల విధి.

ఇక నీ వృత్తాంతమున దుఃఖభాగము. 1988లో సియెర్రా తన వాటాలను బహిరంగముగా నమ్మెను. 1993లో ప్రధాన కార్యాలయము కొండయూరినుండి వాషింగ్టన్ రాష్ట్రమునందలి బెల్వ్యూ పట్టణమునకు దరలెను. ఆటలు చేయువారిలో నొక భాగము ఓక్‌హర్స్ట్‌లోనే నిలిచెను. 1996లో సి.యు.సి. ఇంటర్నేషనల్ అను సంస్థ సియెర్రాను గొనెను. దాదాపు నూఱుకోట్ల డాలర్ల బేరము. కాని యిచ్చినది రొక్కము గాదు, తన వాటాలను. సి.యు.సి. వ్యాపారము కథలును గాదు, ఆటలును గాదు. చందాదారులను జేర్చుకొని బజారువస్తువులను తగ్గింపు వెలకు సమకూర్చుట. కొనినవారికి ఓక్‌హర్స్ట్ యెక్కడనో, అందెవ్వరేమి చేయుదురో తెలియదు. కెన్ విలియమ్స్ తా నింక నా యింటికి యజమానుడను గానని త్వరలోనే గ్రహించి, 1997లో వెడలిపోయెను.

అదే యేట సి.యు.సి. మరియొక సంస్థతో గలిసి “సెండాంట్” అను పేరు దాల్చెను. కలిసిన కొలదినెలలకు, 1998 ఏప్రిల్‌లో, సి.యు.సి. లెక్కలు దొంగలెక్కలని బయటపడినది. లేని యాదాయమును ఉన్నట్లు మూడేండ్లలో సుమారు 50 కోట్ల డాలర్ల మేరకు పద్దులు వ్రాసిరట. ఒక్క దినమున వాటాల వెల దాదాపు సగము పడిపోయెను. సి.యు.సి.కి నాయకుడుగా నుండిన వాల్టర్ ఫోర్బ్స్ 2006లో దోషిగా నిర్ణయింపబడి, 2007లో పండ్రెండేండ్లకు మించిన కారాగారశిక్ష పొందెను. సియెర్రావారి పద్దులు తప్పుడువి కావు. వారి తప్పిదము వేఱు. తమ యింటి పద్దు చక్కగా వ్రాసికొనినవారే, తమ యింటిని ఎవరి చేతిలో బెట్టుచున్నారో వారి చిట్టా ఆవర్జాల లోతును గనలేకపోయిరి. సెండాంట్ తన యాటల విభాగమును ఫ్రెంచివారికి విక్రయించెను. 1999 ఫిబ్రవరి 22, సోమవారమున ఓక్‌హర్స్ట్ కార్యాలయమును మూసివేసిరి. ఆ యొక్క యూరిలోనే నూఱుమందికి పైగా పని పోయినది. ఆ దినమును వారు నేటికిని “ఱంపపు సోమవారము” అని చెప్పుకొందురు. చెట్టును మొదలంట నఱకినట్లయినదని వారి భావము.

మూసినవారికి వంటయింటి బల్ల తెలియదు. తెలిసియుండినచో మూయక పోయెడివారని చెప్పుటకును వీలులేదు. కాని యొక మాట మాత్రము నిజము. ఆ సంస్థ చిన్నదిగా నున్నప్పుడు దానిని ముంచవచ్చిన యాపదలు గలవు. అమ్ముడుపోని యాట, కూలిన బజారు, నిలిచిపోయిన యంత్రము. వాని నన్నిటిని దాటినది. ఏలన, కథ కల్పించునది, దానిని యంత్రమున కెక్కించువాడు, వసూళ్లు చూచుకొనువారు ఒక్క బల్లచుట్టు గూర్చుండిరి. తప్పు జరిగిన నాటి రాత్రియే తెలియును. పెద్దదై, ఇతరుల పరమైన పిమ్మట వచ్చిన యాపదను మాత్రము దాటలేకపోయినది. అది వారు చేసిన యాటలో లేదు. ఎక్కడనో, ఎవరో వ్రాసిన పద్దులో నున్నది.

మన యిండ్లలో నేడు ఒడియములు, పచ్చళ్లు, జాకెట్టుకుట్టు, బొమ్మలు, ట్యూషను మొదలగు నెన్నియో పనులు స్త్రీల చేతిమీదుగా నడచుచున్నవి. కొన్ని పెరుగుచున్నవి. పెరిగినప్పుడు “లెక్కలు మేము చూచుకొందుము, మీరు చేయుచుండుడు” అని చెప్పువారు వత్తురు. వారిలో మంచివారును ఉందురు. అమ్మవలదని మేము చెప్పుట లేదు. అలసినవారు అమ్ముకొనవచ్చును, పెద్దచేయ గోరువారు భాగస్థులను చేర్చుకొనవచ్చును. కాని పద్దుపుస్తకము నితరుల చేతికిచ్చి, వంట మాత్రము మన చేత నుంచుకొనుట క్షేమము గాదు. ఇచ్చునది రొక్కమా, కాగితమా? కాగితమైనచో దాని వెనుక నున్న దేమి? ఈ రెండు ప్రశ్నలు అడుగుటకు పెద్ద చదువు లక్కఱలేదు. కూరగాయల బేరమునందు మన మడుగు ప్రశ్నలే యివి.

ఈ కథ కొక చిన్న చివరిభాగము గలదు. దంపతులు తరువాత చాలకాలము పడవమీద సముద్రములు తిరిగిరి. రాబర్టా యొక నవల వ్రాసి 2021లో ప్రకటించెను. సంస్థ పేరు చేతులు మారుచు పోయినది. కాని 2023 జనవరిలో, తన డెబ్బదియవ యేట, ఆమె మరల నొక యాటను వెలువరించెను. అది యేదనుకొనుచున్నారు? 1979లో వారముల తరబడి యామెను విడువని యా గుహాకథయే! నాడు మాటలు మాత్రమే యున్న గుహలను, భర్తతోను చిన్నబృందముతోను గలిసి, ఇప్పుడు నడచి చూడదగిన గుహలుగా మలచెను. పేరు పోయినది, భవనము పోయినది. కాగితములపై జూచిన ధనములో గొంత పోయినది. బల్లమీద కాగితము పఱచి కథ పన్ను విద్య మాత్రము పోలేదు. దాని నెవరును కొనియుండలేదు గావున నెవరును మూయలేకపోయిరి.

జాబు వ్రాసిన సోదరికి మా విన్నప మిది. పిల్లవాని చేతినుండి ఫోను లాగికొనుటకు ముందొకసారి ప్రక్కన గూర్చుండి, ఆ యాటలో కథ యున్నదేమో, ఆలోచన యున్నదేమో చూడుడు. లేనిచో నిస్సంకోచముగా లాగికొనుడు. ఉన్నచో, “ఈ కథ నీవైన నెట్లు పన్నుదువు?” అని యడిగి, కాగితమొకటి, పెన్సిలొకటి చేతికిండు. కాగిత మింకొకటి తెచ్చి మీరును ప్రక్కన గూర్చుండుడు. ఇక మీదట మధ్యాహ్నము వేళ నెవరైన వచ్చి యేమి చేయుచున్నారని యడిగినచో, “ఏమియు లేదు” అని మాత్రము చెప్పకుడు.